ఒక సీసా, ముగ్గురు మనుషులు: నెల్లూరు ఇంట్లో మినాక్సిడిల్ కేసు

నెల్లూరులో చర్మవ్యాధుల డాక్టరుగా నాకు జుట్టు రాలే కేసులు రోజూ వస్తాయి. మామూలుగా వాటి మీద రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఈ కుటుంబం సంగతి వేరు. తమ్ముడి కోసం రాసిచ్చిన మినాక్సిడిల్, అంటే జుట్టు కోసం తలకి రాసే మందు, అక్క కూడా వాడింది, ఆ మందు ఫలితం నాలుగు నెలల పసిపిల్ల ముఖం మీద కనిపించింది. వాళ్ల అనుమతితో రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటి పేషెంట్

వయసు 28. విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్. జనవరిలో వచ్చాడు. రాలిన జుట్టంతా ఒక పాలిథీన్ కవర్లో పోసుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఇలా తెచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. నేను వద్దనను, ఆ కవరు చూస్తే సగం సంగతి తెలుస్తుంది.

ఆరు వారాలుగా దువ్వెన పెడితే చాలు ఊడి వస్తోందన్నాడు. కారణాలు కూడా తనే చెప్పాడు. సముద్రం పక్కన ఉప్పు బోరు నీళ్లు, రోజంతా హెల్మెట్, చెరువు గట్టు మీద ఎండ. ముందు ఏడాది తిరుమలలో గుండు కొట్టించుకున్నాడు, మొక్కు ఒకటైతే ఒత్తుగా వస్తుందన్న ఆశ ఇంకొకటి. ఉల్లిపాయ నూనె, ఆముదం, సెలూన్‌లో ఇచ్చిన పేరు లేని సీరం, అన్నీ అయ్యాయి. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి టెన్షన్ మామూలుగా లేదు.

అతను చెప్పనిది, నేను అడిగితే బయటికొచ్చింది: అక్టోబరు చివర్లో డెంగ్యూ. ప్లేట్‌లెట్లు పడిపోయాయని ఆసుపత్రిలో చేర్చారు. తగ్గి ఇంటికి వచ్చాక ఆ జ్వరాన్ని మర్చిపోయాడు. నాన్నకి, అమ్మ వాళ్ల నాన్నకి నడినెత్తి బట్టతల. తనకీ రెండు మూడేళ్లుగా నుదుటి మూలలు వెనక్కి పోతున్నాయి, కానీ దాన్ని ఇప్పటిదాకా పట్టించుకోలేదు.

పరీక్షలో రెండు విషయాలు వేర్వేరుగా కనపడ్డాయి. సుమారు అరవై వెంట్రుకల్ని వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి చూస్తాం. ఆరు కంటే ఎక్కువ వస్తే అది మామూలు రాలడం కాదు. ఇతనికి నడినెత్తి నుంచే కాదు, తల వెనక భాగం నుంచి కూడా గుప్పెడు వచ్చాయి, ప్రతి వెంట్రుక మొదట్లో తెల్లటి చిన్న గుండు. కవర్లో ఉన్నవీ అలాంటివే. అంటే ఇవి విరిగినవి కావు, విశ్రాంతి దశకి వెళ్లి ఊడినవి. ఇక చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్‌తో చూస్తే సుడి దగ్గర, నుదుటి మూలల్లో ఒకే చోట లావు వెంట్రుక, సన్న వెంట్రుక, నూగు లాంటిది కలిసి ఉన్నాయి. తల వెనక అన్నీ ఒకే మందం. గుండ్రటి నున్నటి మచ్చలు ఎక్కడా లేవు, కాబట్టి పేనుకొరుకుడు కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. ఇంకే పరీక్షలూ రాయలేదు. జుట్టు రాలుతోందనగానే విటమిన్లన్నీ కలిపి వేల రూపాయల ప్యాకేజీ చేయించడం నాకు నచ్చదు.

రెండు కథలు ఒకే తల మీద

మనిషి తల మీద సుమారు లక్ష కుదుళ్లు ఉంటాయి. ఒక్కో కుదురూ రెండు నుంచి ఆరేళ్లు వెంట్రుకని పెంచుతుంది, నెలకి సెంటీమీటరు చొప్పున. తర్వాత రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది, మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది, పాత వెంట్రుకని వదిలేసి కొత్తది మొదలుపెడుతుంది. ఏ కుదురు లెక్క దానిది. అందుకే రోజుకి యాభై నుంచి వంద రాలినా తల పల్చబడదు. గట్టి జ్వరం వచ్చినప్పుడు ఈ లెక్క చెడిపోతుంది, చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతికి వెళ్తాయి. అతనికి చెరువుల భాషలోనే చెప్పాను: వేర్వేరు రోజుల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన చెరువులన్నీ ఏదో తెగులు భయంతో ఒకే వారం పట్టుబడి చేసినట్టు, అంటే రొయ్యలన్నీ ఒకేసారి పట్టేసినట్టు. పట్టుబడి పెద్దదిగా కనిపిస్తుంది, కానీ చెరువు ఎక్కడికీ పోదు. జ్వరానికీ రాలడానికీ మధ్య రెండు మూడు నెలల ఎడం ఉంటుంది కాబట్టే జనం జ్వరాన్ని వదిలేసి నీళ్ల మీద నేరం వేస్తారు. డెంగ్యూ, టైఫాయిడ్, కోవిడ్, ఆపరేషన్, కాన్పు, కడుపు మాడ్చుకునే డైటింగ్, అన్నిటిదీ ఇదే దారి. కారణం పోయాక చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ఉప్పు నీళ్ల సంగతీ చెప్పాలి, ఇటువైపు ప్రతి రెండో పేషెంటూ అడిగే ప్రశ్న అది. చవుడు నీళ్లకి జుట్టు గరుకుగా అవుతుంది, చిక్కు పడుతుంది, దువ్వితే మధ్యలో తెగవచ్చు. కానీ ఆ నీళ్లు చర్మం లోపల ఉన్న కుదురు దాకా వెళ్లి బట్టతల తెప్పించవు. అలా అయితే ఆ ఊళ్లో ఆడవాళ్లకీ అదే ఆకారంలో రావాలి కదా. గుండు సంగతీ అంతే. కత్తి తాకేది చచ్చిన పోగుని. మొద్దుగా తెగిన కొస మొలిచేటప్పుడు లావుగా అనిపిస్తుంది.

రెండో కథ మెల్లగా నడిచేది, వెనక్కి తిరగనిది. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మారుస్తుంది. వంశపారంపర్యంగా సున్నితమైన కుదుళ్లు, అంటే నుదుటి మూలలవీ నడినెత్తివీ, ఆ డీహెచ్‌టీ తగిలేకొద్దీ పెరిగే దశని కుదించుకుంటాయి. ఐదేళ్లు పెరిగే వెంట్రుక ఏడాదికి, తర్వాత కొన్ని నెలలకి దిగుతుంది, ఒక్కో చక్రానికీ సన్నబడుతుంది. తల వెనక కుదుళ్లకి ఈ జబ్బు లేదు. 1942లో అమెరికన్ శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ దీన్ని గట్టిగా చూపించాడు: యుక్తవయసు రాకముందే వృషణాలు పోయిన మగవాళ్లకి బట్టతల రాలేదు. వాళ్లలో వంశంలో బట్టతల ఉన్నవాళ్లకి టెస్టోస్టెరాన్ ఇస్తే వచ్చింది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల గురించి వచ్చిన పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. ఆ కుటుంబాల్లో కొందరు మగవాళ్లకి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ సరిగా లేదు. వాళ్లకి బట్టతల లేదు, ప్రోస్టేట్ పెరగలేదు. ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే ఫినాస్టరైడ్ అనే మాత్ర ఆ దారిలోనే పుట్టింది. 1992లో ప్రోస్టేట్ కోసం 5 మిల్లీగ్రాములది, 1997లో జుట్టు కోసం 1 మిల్లీగ్రాముది అమెరికాలో అనుమతి పొందాయి.

కాబట్టి ఇతనికి డయాగ్నోసిస్ రెండు: జ్వరం వల్ల వచ్చిన తాత్కాలిక రాలడం, దాని అడుగున అప్పటికే నడుస్తున్న వంశపారంపర్య బట్టతల. మొదటిదానికి మందు అక్కర్లేదు. రెండోదానికి కావాలి. అతన్ని క్లినిక్‌కి తెచ్చింది మొదటిది, నేను వైద్యం చేసింది రెండోదానికి. ఈ తేడా చెప్పకపోతే ఆరు నెలల తర్వాత దానంతటదే ఆగిన రాలడాన్ని మందు ఖాతాలో వేసుకుంటారు, పేషెంటూ వేస్తాడు, డాక్టరూ వేసుకుంటాడు.

ఏం ఇచ్చాను

ఫినాస్టరైడ్ గురించి వివరంగా మాట్లాడాను. మగతనం మీద ప్రభావం ఉంటుందా అని అడిగాడు. ట్రయల్స్‌లో కోరిక తగ్గిందన్నవాళ్లు మందు వేసుకున్నవాళ్లలో నూటికి ఇద్దరి లోపు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి ఒకరి పైచిలుకు. కొందరికి దిగులు, మానేశాక కూడా ఇబ్బందులు ఉన్నాయని రిపోర్టులు ఉన్నాయి, అవీ దాచలేదు. పెళ్లయ్యాక చూద్దాం మేడం అన్నాడు. సరే అన్నాను.

5 శాతం మినాక్సిడిల్ ద్రావణం రాశాను, పూటకి ఒక మిల్లీలీటరు, రోజుకి రెండుసార్లు, పొడి తలకి. ఈ మందు అసలు జుట్టు కోసం పుట్టింది కాదు. బీపీ మాత్ర. 1979లో అమెరికాలో అనుమతి వచ్చింది. వేసుకున్నవాళ్లకి ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు మొలవడంతో కంపెనీ కళ్లు తలవైపు తిరిగాయి. తలకి రాసే 2 శాతం ద్రావణానికి 1988లో అనుమతి దొరికింది. మినాక్సిడిల్ నేరుగా పని చెయ్యదు. కుదురులో ఉండే సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమ్ దాన్ని మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మార్చాలి, అప్పుడది కణాల పొటాషియం దారులు తెరుస్తుంది. ఆ ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లకి ఎంత రాసినా పెద్దగా లాభం ఉండదు. పని చేసినప్పుడు విశ్రాంతి దశని కుదిస్తుంది, పెరిగే దశని పొడిగిస్తుంది. డీహెచ్‌టీ జోలికి పోదు. మానేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిందంతా పోయేది అందుకే.

విశ్రాంతిలో ఉన్న కుదుళ్లని తొందరగా లేపుతుంది కాబట్టి మొదటి రెండు నెలల్లో పాత వెంట్రుకలు ఎక్కువ రాలతాయి. ముందే చీటీ మీద రాసిచ్చాను. అయినా నెలకే ఫోన్ వచ్చింది, మందు వేడి చేస్తోందేమో అని. ఆపొద్దన్నాను. మార్చిలో వచ్చినప్పుడు తల దురద, పొట్టు. ద్రావణంలో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరికి పడదు. అది లేని ఫోమ్‌కి మార్చాను. ధర ఎక్కువ, కానీ దురద పోయింది. సగం వాడిన పాత సీసా ఇంట్లో అద్దం దగ్గరే ఉండిపోయింది.

రెండో పేషెంట్, మూడో పేషెంట్

మే నెలలో అతని అక్క వచ్చింది, వాళ్లమ్మని తోడు తెచ్చుకుని. జనవరి మొదట్లో కాన్పు, భర్త కువైట్‌లో ఉన్నాడు కాబట్టి ఏడాది దాకా పుట్టింట్లోనే ఉంటానంది. మూడో నెల నుంచి జుట్టు కుప్పలుగా పోతోంది. పాపిట వెడల్పు మామూలుగానే ఉంది, వెంట్రుకల మందం అంతా సమానం. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ వల్ల వెంట్రుకలు పెరిగే దశలోనే ఎక్కువ కాలం నిలుస్తాయి, కాన్పయ్యాక అన్నీ కలిసి విశ్రాంతికి వెళ్తాయి. రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య రాలడం మొదలై ఏడాదిలోపు సర్దుకుంటుంది. బాలింతల్లో చూస్తూనే ఉంటాం. హిమోగ్లోబిన్ 10.4, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 14, రెండూ తక్కువే. ఐరన్ మాత్రలు రాస్తూ, జుట్టుకి ఇంకేమైనా వాడుతున్నావా అని అడిగాను.

"తమ్ముడి మందు రాస్తున్నా మేడం, నెలగా. వాడికి మీరు ఇచ్చిందే కదా."

అప్పటికే నా చూపు ఒళ్లో ఉన్న పాప మీద ఉంది. నుదురంతా, కనుబొమ్మల నుంచి జుట్టు మొదలయ్యే దాకా, నల్లటి పొడుగాటి నూగు. చెంపల మీద, చెవుల ముందు, భుజాల మీద కూడా. అమ్మమ్మకి అదేమీ వింతగా లేదు. "మేనమామ పోలిక మేడం, వాడూ ఇట్టనే ఉండేవాడు" అంది. రోజూ సున్నిపిండి నలుగు పెట్టి ఉండతో రుద్దుతోంది. ఆ రుద్దుడికి పాప చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

పుట్టుకతో వచ్చే నూగు కొన్ని వారాల్లో పోవాలి, నాలుగో నెలలో ముదరదు. ఆడపిల్ల కాబట్టి మగ హార్మోన్లు ఎక్కువయ్యే అడ్రినల్ గ్రంథి జబ్బు లక్షణాలు ముందు చూశాను. జననాంగాల్లో మార్పు లేదు, అక్కడ వెంట్రుకలూ లేవు. బరువు బాగానే పెరుగుతోంది. ఫిట్స్ మందులు గానీ, స్టెరాయిడ్లు గానీ ఎప్పుడూ వాడలేదు. పిల్లల డాక్టరు దగ్గరికి అదే రోజు పంపాను, గుండె వేగం, బీపీ, ఒంట్లో నీరు చేరడం చూడమని, ఎందుకంటే లోపలికి వెళ్తే మినాక్సిడిల్ బీపీ మందే. అన్నీ మామూలుగా ఉన్నాయి.

మందు పాప ఒంట్లోకి ఎలా చేరింది? తల్లి రాసుకోవడం ఒక దారి. మినాక్సిడిల్ తల్లిపాలలోకి వస్తుంది, పాలిచ్చేటప్పుడు వాడకూడదు. కానీ ఆమె ఫోన్‌లో ఫోటోలు వరసగా చూస్తే వేరే సంగతి తేలింది. బారసాల ఫోటోల్లో పాప నుదురు నున్నగా ఉంది. మార్చి చివరి ఫోటోల్లో నూగు స్పష్టంగా ఉంది. ఆమె సీసా ముట్టుకున్నది ఏప్రిల్లో. అంటే ముందే ఇంకో దారి ఉంది.

మర్నాడు తమ్ముణ్ణి పిలిపించాను. రాత్రి భోజనమయ్యాక మందు రాసుకుంటాడు. తర్వాత పాపని భుజాన వేసుకుని నిద్రపుచ్చేది అతనే. పాప పడుకునేదీ కొన్నిసార్లు అతని దిండు మీదే. ఇంకెక్కడైనా రాస్తున్నావా అని అడిగితే కాసేపు తల దించుకుని, "గెడ్డానికి కూడా మేడం, చెంపల మీద పల్చగా ఉందని" అన్నాడు. గెడ్డానికి ఈ మందుకి అనుమతి లేదు, కానీ కుర్రాళ్లు వీడియోలు చూసి విపరీతంగా వాడుతున్నారు. పాప చెంప ఆనేది సరిగ్గా ఆ గెడ్డానికే. ఒక మిల్లీలీటరు 5 శాతం మందులో 50 మిల్లీగ్రాముల మినాక్సిడిల్ ఉంటుంది. పెద్దవాళ్ల తలలోంచి రక్తంలోకి వెళ్లేది నూటికి ఒకటి రెండు పాళ్లే. మిగతాదంతా పైనే ఉంటుంది, చేతికి, దిండుకి, ఇంకొకరి చర్మానికి అంటుకుంటుంది. పసిపిల్ల చర్మం పల్చన, ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, చేతికి ఏది దొరికితే అది నోట్లోకే.

ఇది అరుదే గానీ కొత్త కాదు. 2019లో స్పెయిన్‌లో కడుపులో పుల్లదనానికి ఇవ్వాల్సిన ఒమెప్రజోల్ బదులు పొరపాటున మినాక్సిడిల్ ఉన్న మందు పసిపిల్లలకి వెళ్లి, వాళ్ల ఒళ్లంతా వెంట్రుకలు మొలిచాయి. పెద్దవాళ్లు తలకి రాసుకున్నది తగిలి పిల్లలకి ఇలా అయిన కేసులు యూరప్‌లో రిపోర్ట్ అయ్యాక, 2024లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ప్యాకెట్‌లో ఉండే కాగితంలో ఈ హెచ్చరిక చేర్పించింది. మన దగ్గర మెడికల్ షాపులో చీటీ లేకుండా, సెలూన్‌లో బిల్లు కూడా లేకుండా దొరుకుతుంది. ఇంట్లో పిల్లి ఉన్నా జాగ్రత్త అవసరం, దానికి ఈ మందు కొంచెం నాకినా ప్రాణం మీదికి వస్తుంది.

తర్వాత ఏమైంది

తల్లికి మినాక్సిడిల్ మాన్పించాను, సీసా పారబోయించాను. ఐరన్, తిండి, ఓపిక, అంతే వైద్యం. నలుగు ఆపించాను. అమ్మమ్మ ఒప్పుకోవడానికి టైం పట్టింది, "ఆడపిల్ల మేడం, ఇట్టనే ఉంటే ఎట్టా" అని. షేవ్ చేయడం, క్రీములు రాయడం వద్దని, మందు తగలడం ఆగితే ఆ వెంట్రుకలు చక్రం ముగించుకుని వాటంతటవే రాలతాయని చెప్పాను. ఇంట్లోని దిండు గలేబులు, దుప్పట్లు అన్నీ ఉతికించారు.

తమ్ముడి విషయంలో రెండు దారులున్నాయి. మందుని పొద్దున చెరువు దగ్గర రాసుకుని ఇంటికి వచ్చేలోపు తల కడుక్కోవడం ఒకటి. ఆ నియమం వారం నడుస్తుందేమో, పండగ రోజు తప్పుతుంది. అందుకే పాప ఇంట్లో ఉన్నంతకాలం మినాక్సిడిల్ పూర్తిగా ఆపమన్నాను. నాలుగు నెలల కష్టం పోతుందని బాధపడ్డాడు. రెండు రోజులాగి తనే ఫోన్ చేశాడు, ఆ మాత్ర మొదలుపెడదాం మేడం, దాని వల్ల పాపకి ఏమీ కాదు కదా అని. నోటి మాత్ర ఒంటికి అంటుకునేది కాదు. విరిగిన మాత్రని కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, కడుపులో ఉన్నది మగ బిడ్డ అయితే జననాంగాల ఎదుగుదల దెబ్బ తినొచ్చు. అక్కకి ఆ జాగ్రత్త చెప్పి 1 మిల్లీగ్రాము ఫినాస్టరైడ్ మొదలుపెట్టాను.

జూలైకి పాప నుదురు మీద నూగు పల్చబడింది. సెప్టెంబరుకి భుజాల మీద తప్ప మిగతాదంతా పోయింది. తల్లి జుట్టు ఆగస్టులో రాలడం తగ్గింది, నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని వస్తుంటే అవేంటని భయపడి మళ్లీ వచ్చింది. అవి కొత్తగా మొలుస్తున్నవే. పదకొండో నెలలో తండ్రి కువైట్ నుంచి రాగానే పెంచలకోనలో మేనమామ ఒళ్లో పాపకి పుట్టువెంట్రుకలు తీయించారు. దానికి ముందు అమ్మమ్మ ఒక మాట అడిగి వెళ్లింది: గుండు కొట్టిస్తే ముఖం మీద పోయినవి కూడా తిరిగి లావుగా వస్తాయా అని. రావన్నాను.

అతని డెంగ్యూ తాలూకు రాలడం ఏప్రిల్ చివరికే ఆగిపోయింది. సుడి దగ్గర ఫోటోలు పోల్చి చూస్తే మే కంటే ఆగస్టులో కొంచెం పల్చబడింది, అది మినాక్సిడిల్ మానినందుకు. తర్వాత అక్కడే నిలబడింది, అది ఫినాస్టరైడ్ పని అనుకుంటున్నాను. ఆ మాత్రతో ఇబ్బందులేమీ చెప్పలేదు. అక్క అత్తగారింటికి వెళ్లాక ఫోమ్ మళ్లీ మొదలైంది, ఈసారి తలకి మాత్రమే. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవడం, పాప వచ్చే రోజుల్లో ముందు నుంచే ఆపడం షరతులు. నుదుటి మూలలు మాత్రం కదల్లేదు. అక్కడి కుదుళ్లు చాలావరకు నూగుగా మారిపోయాయి, రాసే మందుకి పెద్దగా లేవవు. ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోనా అని అడుగుతున్నాడు. ఆ వయసుకి బట్టతల ఎంతవరకు వెళ్తుందో తేలదు, ఇప్పుడు ముందు భాగం నాటితే తర్వాత దాని వెనక ఖాళీ పడొచ్చు. ఇంకో రెండేళ్లు మాత్ర వాడి, ఫోటోలు చూశాక మాట్లాడదామన్నాను.